డాక్వాజ్‌లో బిళ్ళే ప్రధానం

గుడ్డు తెల్లసొనను నురగ వచ్చేలా గిలక్కొట్టి, అందులో బాదం పొడినో హేజెల్‌నట్ పొడినో, లేదా రెండింటినీ సమంగానో కలిపి, పల్చని గుండ్రని బిళ్ళలుగా కాల్చి, వాటి మధ్య వెన్నతో చేసిన క్రీమును పరచి పొరలుగా పేర్చే ఫ్రెంచ్ తీపి వంటకమే డాక్వాజ్. విశాఖపట్నంలో నివసిస్తూ ఇంట్లో ఈ వంటకాన్ని ఇష్టంగా చేసుకునే మనిషిగా నాకు దీని గురించి గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. దీన్ని వండేవారిలో ఎక్కువమంది శ్రద్ధ అంతా క్రీము మీద, పైన చేసే అలంకారం మీద పెడతారు. కానీ డాక్వాజ్ మంచిదో కాదో తేల్చేది దాని బిళ్ళ ఒక్కటే. బిళ్ళ సరిగ్గా కుదిరితే అతి సాధారణమైన క్రీము కూడా దాని పక్కన రాణిస్తుంది. బిళ్ళ చప్పబడిపోతే మాత్రం ఎంత ఖరీదైన చాక్లెట్ తెచ్చి పోసినా అది మరో క్రీము కేకుగానే మిగిలిపోతుంది.

ఈ వంటకానికి పేరిచ్చిన డాక్స్ పట్టణం ఫ్రాన్స్ నైరుతి మూలన, లాండ్ జిల్లాలో, అదూర్ నది ఒడ్డున ఉంది. రోమన్ల కాలం నుంచీ అది వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధి. ఊరి నడిబొడ్డున ఉన్న బుగ్గలో నీరు దాదాపు 64 డిగ్రీల వేడితో ఉబికివస్తుంది. కీళ్ళనొప్పుల వైద్యం కోసం అక్కడి బురద స్నానాలకు ఇప్పటికీ జనం వెళుతూనే ఉంటారు. దానికి ఆగ్నేయంగా, పిరనీస్ కొండల పాదాన ఉన్న పో పట్టణానికి కూడా ఇదే వంటకంలో వాటా ఉంది. అక్కడి రకాన్ని పాలుఆ అంటారు. హేజెల్‌నట్ తోటలు విస్తారంగా ఉన్న లో-ఎ-గరోన్ జిల్లా కూడా ఈ నైరుతి భాగంలోనే ఉంది. పో పట్టణానికి దగ్గరలోని ఒలొరోన్-సెంత్-మరీ అనే ఊళ్ళో ఆర్తిగరెడ్ అనే మిఠాయి అంగడి 1925 నుంచి రూస్ అనే కేకును అమ్ముతోంది. బాదం కలిసిన మెత్తని పొరల మధ్య ప్రలీన్ (చక్కెర పాకంలో వేసి రుబ్బిన గింజల ముద్ద) క్రీము పెట్టి, పైన చక్కెర పొడి చల్లి ఇచ్చే ఆ కేకు తయారీ విధానాన్ని ఆ కుటుంబం నేటికీ బయట పెట్టలేదు. అలంకారం ఏమీ లేకుండా, తెల్లని పొడి చల్లిన చదునైన ముక్కగా అమ్ముడయ్యే ఆ కేకు డాక్వాజ్‌కు దగ్గరి చుట్టమే. ఆ ప్రాంతపు పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నిరాడంబరతే.

డాక్వాజ్ తరహా కేకులన్నిటిలో గొప్ప పేరు తెచ్చుకున్నది మాత్రం డాక్స్‌లో పుట్టలేదు. లియోన్ నగరానికి దక్షిణాన రోన్ నది ఒడ్డున ఉన్న వియెన్ పట్టణంలో ఫెర్నాన్ ప్వాన్ నడిపిన లా పిరమిద్ అనే భోజనశాలలో అది రూపుదిద్దుకుంది. 1933లో, భోజనశాలలకు నక్షత్రాలతో స్థాయి ఇచ్చే ఫ్రెంచ్ మార్గదర్శి మిషెలిన్ నుంచి మూడు నక్షత్రాలు పొందిన తొలి భోజనశాలల్లో అదీ ఒకటి. తర్వాతి కాలంలో ఫ్రెంచ్ వంటను మలుపు తిప్పిన పోల్ బొక్యూజ్, త్రువాగ్రో సోదరులు, అలెన్ షాపెల్ వంటివారు అక్కడ పనిచేసినవారే. ప్వాన్ ఎన్నో ఏళ్ళు సవరించుకుంటూ తీర్చిదిద్దిన ఆ కేకు పేరు మర్జొలెన్. దానిలో బాదం, హేజెల్‌నట్ రెండూ కలిపిన పొడవాటి పలకలు ఉంటాయి, వాటి మధ్య చాక్లెట్, ప్రలీన్, వనిల్లా రుచుల క్రీములు ఒక్కొక్క వరుసలో ఒక్కొక్కటిగా వస్తాయి. కోసిన ముక్కను పక్క నుంచి చూస్తే చారలు స్పష్టంగా కనిపిస్తాయి. మూడు రుచులు ఉన్నా ఏదీ మరొకదాన్ని మింగకుండా ఉండటానికి కారణం, వాటి మధ్య ఉన్న గింజల పలక ప్రతి ముద్దలోనూ ఒకే వేపుడు రుచిని అందిస్తూ ఉండటమే. క్రీము ఎన్ని రకాలైనా పెట్టవచ్చు, వాటిని ఒక్క వంటకంగా కూర్చేది బిళ్ళేనన్న నా మాటకు మర్జొలెన్ కంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఫ్రెంచ్ మిఠాయి దుకాణాల్లో సుక్సే, ప్రొగ్రే అనే పేర్లతో కనిపించేవి కూడా ఈ కోవలోనివే. సాధారణంగా మొదటిదానిలో బాదం, రెండవదానిలో బాదంతోపాటు హేజెల్‌నట్ వాడతారు. కొలతల్లో చిన్న చిన్న తేడాలున్నా చేసే పద్ధతి ఒకటే కాబట్టి వాటి గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. గుడ్డు తెల్లసొనలో దాదాపు 90 శాతం నీరే, మిగిలిన దానిలో అత్యధిక భాగం మాంసకృత్తులు. గిలక్కొట్టినప్పుడు ముడుచుకుని ఉన్న ఆ మాంసకృత్తులు విప్పుకుని, లోపలికి చేరిన గాలి బుడగల చుట్టూ ఒకదానికొకటి అతుక్కుని సన్నని పొరగా ఏర్పడతాయి. నురగ నిలిచేది ఆ పొర బలం మీదే. నూనెగానీ కొవ్వుగానీ తగిలితే అది మాంసకృత్తుల చోటును ఆక్రమించి పొరను తెంపేస్తుంది. అందుకే గిన్నెకు జిడ్డు ఉండకూడదని, పచ్చసొన చుక్క కూడా పడకూడదని అంత పట్టుదలగా చెబుతారు. డాక్వాజ్‌లోని అసలు కష్టం సరిగ్గా ఇక్కడే ఉంది. కొవ్వును ఏమాత్రం సహించని నురగలోకి, సగం బరువు నూనే ఉన్న గింజలను చేర్చాలి. బాదంలో దాదాపు 50 శాతం, హేజెల్‌నట్‌లో దాదాపు 60 శాతం కొవ్వు ఉంటుంది. ఈ రెండు విరుద్ధ వస్తువులకు పొత్తు కుదర్చడమే ఈ వంటకంలోని నైపుణ్యం. తక్కిన పనులన్నీ ఓపికగా చేస్తే ఎవరికైనా వస్తాయి.

ఆ పొత్తు కుదరాలంటే గింజల్లోని నూనె గింజల్లోనే ఉండిపోవాలి. పచ్చి గింజల కంటే వేయించిన వాటికి రుచి చాలా ఎక్కువ కనుక వేయించడం మానకూడదు. అయితే వేయించిన తర్వాత వాటిని పూర్తిగా చల్లారనివ్వాలి. వెచ్చగా ఉన్నప్పుడే మిక్సీలో వేస్తే నూనె బయటికి వచ్చి పొడి ముద్ద కడుతుంది. హేజెల్‌నట్‌కు ఉండే చేదు పొట్టును, వేయించిన వెంటనే ముతక గుడ్డలో వేసి నలిపి తీసేయవచ్చు. పొడి కొట్టేటప్పుడు కొలతలో ఉన్న ఐసింగ్ షుగర్‌లో కొంత భాగాన్ని గింజలతో కలిపి, మిక్సీని ఆపి ఆపి తిప్పితే, బయటికి వచ్చే కాస్త నూనెను చక్కెర పీల్చుకుంటుంది. పొడి మరీ మెత్తగా ఉండనక్కరలేదు. సన్నని రవ్వలా ఉంటే బిళ్ళలో గింజ ఉనికి నాలుకకు తెలుస్తుంది, నూనె కూడా తక్కువ ఊరుతుంది. ఇలా గింజల పొడిని, చక్కెర పొడిని సమానంగా కలిపి ఉంచుకోవడం ఫ్రెంచ్ మిఠాయి వంటశాలల్లో పాత అలవాటు.

నేను వాడే కొలతలు ఇవి. ఐదు గుడ్ల నుంచి వచ్చే 150 గ్రాముల తెల్లసొన, నురగలో వేయడానికి 50 గ్రాముల మామూలు చక్కెర, 130 గ్రాముల గింజల పొడి, 130 గ్రాముల ఐసింగ్ షుగర్. దీనితో సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పున్న బిళ్ళలు రెండు మందంగా, లేదా మూడు పల్చగా వస్తాయి. తెల్లసొనలో నాలుగైదు చుక్కల నిమ్మరసం వేసి, మొదట నెమ్మదిగా, నురగ మొదలయ్యాక వేగంగా గిలక్కొడుతూ చక్కెరను కొద్దికొద్దిగా చేర్చాలి. నిమ్మరసంలోని పులుపు మాంసకృత్తులు మితిమీరి బిగుసుకోకుండా కాపాడుతుంది. రాగి గిన్నెలో గిలక్కొట్టే పాత ఫ్రెంచ్ అలవాటు వెనక కూడా ఇలాంటి కారణమే ఉంది, ఎందుకంటే రాగి తెల్లసొనలోని ఒక మాంసకృత్తుతో కలిసి నురగను స్థిరంగా ఉంచుతుంది. నురగ నిగనిగలాడుతూ, బీటరును పైకి ఎత్తినప్పుడు మొన నిలబడి కొస మాత్రం కొంచెం వంగితే చాలు. అంతకు మించి కొడితే నురగ పొడిబారి గడ్డలు కడుతుంది, తర్వాత గింజల పొడిలో కలవదు.

కలపడం గురించి ఎంత చెప్పినా తక్కువే. పొడిని రెండు మూడు విడతలుగా నురగ మీద జల్లించి, వెడల్పాటి గరిటెతో అడుగు నుంచి పైకి తెస్తూ, గిన్నెను తిప్పుకుంటూ కలపాలి. గుండ్రంగా కలియదిప్పితే బుడగలు విరిగిపోతాయి. తెల్లని చారలు కనబడటం మానేసిన మరుక్షణం గరిటె పక్కన పెట్టేయాలి. ఆపైన కలిపే ప్రతి చుట్టూ బిళ్ళ ఎత్తును తగ్గిస్తుంది. బాదం పొడి, తెల్లసొనతోనే చేసే చిన్న ఫ్రెంచ్ మిఠాయి మాకరాన్‌ను చేసేవారు పిండిని జారుగా వచ్చేదాకా కావాలనే ఇంకా కలుపుతారు. వాడే వస్తువులు ఇంచుమించు అవే అయినా, డాక్వాజ్‌లో అది అస్సలు పనికిరాదు. కలిపిన వెంటనే పైపింగ్ బ్యాగులో నింపి, బటర్ పేపరు మీద గీసుకున్న వృత్తంలో మధ్య నుంచి అంచుకు చుట్టలు చుట్టలుగా వేయాలి. మిశ్రమాన్ని నిలవ ఉంచితే నూనె తన పని తాను మొదలుపెడుతుంది.

కాల్చే విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకదానిలో ఒవెన్‌ను 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంచి 15 నుంచి 20 నిమిషాలు కాలుస్తారు. ఈ పద్ధతిలో బిళ్ళ పైన పల్చని పెళుసు పొర, లోపల మెత్తదనం ఉంటాయి. కాల్చే ముందు ఐసింగ్ షుగర్‌ను రెండుసార్లు, మొదటిది కరిగాక రెండవది చల్లితే పైన చిన్న చిన్న ముత్యాల్లాంటి గరుకుదనం ఏర్పడుతుంది. రెండవ సంప్రదాయంలో 120 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర సేపు ఉంచి, బిళ్ళను కాల్చడం కంటే ఆరబెట్టడం మీద ఎక్కువ దృష్టి పెడతారు. ఆ బిళ్ళ మొత్తం పెళుసుగా ఉంటుంది. ఈనాటి ఫ్రెంచ్ దుకాణాల్లో మొదటిదే ఎక్కువ. అమెరికా, బ్రిటన్‌లలోని వంటవాళ్ళు రెండవదాన్ని ఇష్టపడతారు. నాకు మొదటిదే నచ్చుతుంది. గింజల రుచి మెత్తని బిళ్ళలోనే పూర్తిగా తెలుస్తుంది, పెళుసు బిళ్ళలో చక్కెర రుచి ముందుకు వస్తుంది. అయితే తేమ గాలి ఉన్న ఊళ్ళలో బిళ్ళలను ముందురోజే చేసి ఉంచుకోవాలనుకునే వారికి రెండవ పద్ధతే కాస్త భరోసా ఇస్తుంది.

క్రీముకు నేను మిగిలిపోయిన ఐదు పచ్చసొనలనే వాడతాను. 130 గ్రాముల చక్కెరను 45 గ్రాముల నీటితో పాకం పట్టి, అది 118 డిగ్రీలకు చేరగానే, గిలక్కొడుతున్న పచ్చసొనల్లోకి సన్నని ధారగా పోయాలి. థర్మామీటరు లేనివారు దిగులుపడవలసిన పని లేదు, అరిసెల పాకాన్ని చూసుకున్నట్టే చన్నీళ్ళలో ఒక చుక్క వేసి, వేళ్ళ మధ్య మెత్తని ఉండగా వస్తోందో లేదో చూసుకుంటే సరిపోతుంది. మిశ్రమం పూర్తిగా చల్లారాక 250 గ్రాముల ఉప్పులేని మెత్తని వెన్నను కొంచెం కొంచెంగా చేర్చి, చివరలో 120 గ్రాముల ప్రలీన్ ముద్ద కలుపుతాను. ఎర్రగా కాచిన చక్కెర పాకంలో వేయించిన గింజలు వేసి, ఆరబెట్టి, ముద్దగా రుబ్బితే వచ్చేదే ప్రలీన్. ఇంట్లో చిలికిన వెన్నలో నీటి శాతం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కనుక ఈ క్రీము విరిగే ప్రమాదం ఉంది, అందుకు కొన్న వెన్నే నయం.

ఇక్కడ వెన్న క్రీమునే ఎందుకు పెట్టాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. పాలమీగడను గిలక్కొట్టి చేసే క్రీము తేలికగా ఉంటుంది, మన వాళ్ళ నాలుకకూ నచ్చుతుంది, నిజమే. కానీ మెరాంగ్‌లోని, అంటే చక్కెరతో గిలక్కొట్టి కాల్చిన తెల్లసొన నురగలోని, చక్కెర తేమను లాగేసుకునే స్వభావం గలది. మీగడ క్రీములో నీరు ఎక్కువ కనుక బిళ్ళ ఆ నీటిని గంటల్లోనే పీల్చుకుని తడిసిపోతుంది. వెన్న క్రీములో కొవ్వు ప్రధానం, అది బిళ్ళకు నీరు చేరకుండా అడ్డుగా నిలుస్తుంది. కొద్దిపాటి తేమ మాత్రం మెల్లగా లోపలికి దిగుతుంది. అందుకే పేర్చిన రోజు కంటే, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన మరునాడు డాక్వాజ్ ఎక్కువ బాగుంటుంది. అప్పటికి బిళ్ళ పైపొర పూర్తిగా మెత్తబడదు, లోపలి భాగం క్రీముతో ఒకటవుతుంది. మూడో రోజు దాటాక ఆ తేడా చెరిగిపోతుంది. చాక్లెట్ ఇష్టపడేవారు మీగడ, చాక్లెట్ కలిపి చేసే గనాష్‌ను పల్చని పొరగా వాడవచ్చు కానీ, దాన్నే మందంగా పరిస్తే గింజల రుచి అణగిపోతుంది.

సముద్రపు గాలి వీచే మా ఊళ్ళో కాల్చిన బిళ్ళను గాలికి వదిలేస్తే కాసేపట్లోనే పైభాగం జిగటగా మారుతుంది. పూర్తిగా చల్లారిన వెంటనే బటర్ పేపరు మధ్యలో పెట్టి, బిగుతైన మూతగల స్టీలు డబ్బాలో దాచితే ఆ ఇబ్బంది ఉండదు. వానాకాలంలో అయితే బిళ్ళలు చల్లారీ చల్లారగానే క్రీము పరిచేయడం మేలు. కోస్తాలో ఎండాకాలం వెన్న క్రీమును ఏసీ గదిలోనే పరచాలి, లేకపోతే పొరలు జారిపోతాయి. హైదరాబాద్ వంటి పొడి వాతావరణం ఉన్నచోట, వానలు లేని నెలల్లో, ఈ జాగ్రత్తల్లో సగం అక్కరలేదు.

హేజెల్‌నట్ మనకు దిగుమతి సరుకు, ధర కూడా ఎక్కువ. ఆ మాట వచ్చినప్పుడు నాకు గుర్తుకొచ్చేది ఫిలిప్పీన్స్. అక్కడ సాన్స్ రివాల్ అనే కేకు ఉంది. జీడిపప్పు కలిపిన పెళుసు మెరాంగ్ పలకల మధ్య వెన్న క్రీము పరచి, పైన మళ్ళీ వేయించిన జీడిపప్పు పలుకులు అద్దుతారు. ఫ్రెంచ్ పద్ధతిని తీసుకుని, తమ నేలలో దొరికే గింజతో ఆ దేశస్థులు దాన్ని పూర్తిగా సొంతం చేసుకున్నారు. అదే సరుకును చేతిలో పట్టుకునే చిన్న బిస్కట్టుగా చేసి సిల్వానస్ అని అమ్ముతారు. మనకు మరింత దగ్గరగా, తమిళనాడులోని తూత్తుకుడిలో తెల్లసొన, చక్కెర, జీడిపప్పు పొడితో చేసే తెల్లని మొనదేలిన మాకరూన్‌లు ఎంతో కాలంగా ప్రసిద్ధి. అంటే జీడిపప్పు, తెల్లసొన నురగ కలిసి నిలుస్తాయా అన్న అనుమానం ఎవరికీ అక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా పలాసలో శుద్ధి అయ్యే జీడిపప్పు మాకు చేరువలోనే దొరుకుతుంది కనుక, నేను దాన్ని సగం బాదంతో కలిపి వాడతాను. జీడిపప్పులో కొవ్వు బాదం కంటే కొంచెం తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. కానీ మెత్తదనం వల్ల మిక్సీలో త్వరగా ముద్ద కడుతుంది, కాబట్టి బాదం కంటే తక్కువసేపు తిప్పి పలుకుగానే ఉంచాలి. లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించకపోతే దాని రుచి చక్కెరలో కలిసి మాయమవుతుంది. పలుకులుగా విరిగిన రకం చవకగా దొరుకుతుంది, ఈ పనికి అది చక్కగా సరిపోతుంది.

జపాన్‌లో డాక్వాజ్ అంటే పెద్ద కేకు కాదు. మిషిమా తకావో అనే పేస్ట్రీ నిపుణుడు 1979లో, పారిస్‌లో పనిచేస్తున్న రోజుల్లో, జపాన్‌లోని మొనాకా అనే పల్చని రేకుల మధ్య తీపి ముద్ద పెట్టే మిఠాయిని మనసులో ఉంచుకుని, కోలగా ఉండే చిన్న బిళ్ళలు రెండింటి మధ్య ప్రలీన్ క్రీము పెట్టి దీన్ని తయారుచేశాడు. తర్వాత ఫుకుఓకా నగరంలో సొంత దుకాణం పెట్టి దానికి ప్రచారం తెచ్చాడు. ఇప్పుడు జపాన్‌లోనూ కొరియాలోనూ ఆ చిన్న రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంట్లో మొదటిసారి ప్రయత్నించేవారికి నేను ఈ చిన్న బిళ్ళలనే సూచిస్తాను. ఇవి సమంగా కాలుతాయి, పేపరు నుంచి తేలిగ్గా ఊడివస్తాయి, పెద్ద బిళ్ళలా ఎత్తేటప్పుడు విరగవు. పైగా క్రీము భాగం తక్కువగా ఉండటంవల్ల బిళ్ళ రుచి ముందుకు వస్తుంది.

గుడ్డు తినని ఇళ్ళవాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు. 2014లో జోఎల్ రోసెల్ అనే ఫ్రెంచ్ వ్యక్తి కాయధాన్యాలు ఉడికించిన నీటిని గిలక్కొడితే తెల్లసొనలాగే నురగ వస్తుందని బయటపెట్టాడు. ఆ మరుసటి సంవత్సరం అమెరికాలో, కాబూలీ శనగల నీటితోనే మెరాంగ్ చేయవచ్చని తేలి ఆక్వాఫాబా అనే పేరు స్థిరపడింది. శనగలు ఉడికించిన నీటిని చిక్కబడేదాకా మరిగించి, చల్లార్చి వాడాలి. అయితే ఆ నురగలో మాంసకృత్తులు తెల్లసొనలో ఉన్నంత ఉండవు, కాబట్టి గింజల నూనెను మోసే శక్తి కూడా తక్కువ. గింజల పొడిని దాదాపు సగానికి తగ్గించి, 100 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఆరబెట్టే పద్ధతిలో చేస్తే పెళుసు బిళ్ళలు వస్తాయి. మెత్తని రకం మాత్రం దానితో కుదరదు. గింజలు తగ్గిన లోటును ప్రలీన్‌తోనూ, పైన అద్దే వేయించిన పలుకులతోనూ పూడ్చుకోవచ్చు.

వడ్డించే ముందు డాక్వాజ్‌ను ఫ్రిజ్ నుంచి తీసి 20 నిమిషాలు బయట ఉంచితే వెన్న క్రీము మెత్తబడి రుచి విప్పుకుంటుంది. కోయడానికి రంపపు పళ్ళున్న కత్తిని వాడి, నొక్కకుండా ముందుకూ వెనక్కీ లాగుతూ కోయాలి. నొక్కితే క్రీము పక్కలకు పొంగి పొరలు చెదురుతాయి. పైన ఐసింగ్ షుగర్ పల్చగా చల్లడం, అంచుల చుట్టూ వేయించిన బాదం రేకులు అద్దడం తప్ప మరే అలంకారం దానికి నేను చేయను. పూలు, రంగు క్రీములు, చాక్లెట్ అచ్చులు పెడితే తినేవారి చూపు, నాలుక కూడా వాటి మీదికే పోతాయి. దీనితోపాటు పాలు, చక్కెర లేని కాఫీగానీ, పల్చని టీగానీ ఇస్తే తీపి సమతూకంగా అనిపిస్తుంది. ఐదు గుడ్ల కొలతతో చేసినది ఎనిమిది నుంచి పదిమందికి చాలుతుంది.